థార్‌కి 33 ఇంచుల టైర్లు వేయించే ముందు సైడ్‌వాల్ లెక్క చూస్కో తమ్ముడూ

తమ్ముడూ, నువ్వు రాసింది మొత్తం చదివాను. 2022 మహీంద్రా థార్ ఎల్ఎక్స్ డీజిల్ మాన్యువల్ ఫోర్-బై-ఫోర్, కంపెనీ ఇచ్చిన 255/65 ఆర్18 టైర్లు అరిగిపోయాయి, ఉండేది హన్మకొండ, వారానికి ఒకట్రెండు సార్లు పరకాల అవతల పొలానికి పోతావు, అక్కడంతా పత్తి చేలు నల్లరేగడి, వానాకాలం అయ్యాక ఫ్రెండ్స్‌తో భద్రాచలం చింతూరు మీదుగా మారేడుమిల్లి, మిగతా తిరుగుడంతా హైదరాబాద్ రోడ్డే. టైరు షాపాయనేమో 285/65 ఆర్18 మడ్ టెర్రైన్ (బురద కోసం చేసిన టైరు) వేస్కో, దగ్గర దగ్గర 33 ఇంచులు, లిఫ్ట్ (బండి ఎత్తు పెంచడం) ఏం అక్కర్లేదు, బండి లుక్కే మారిపోతది అన్నాడు. వేయించాలా వద్దా అన్నావు. నేనైతే వద్దనే చెప్తా, ఎందుకో వివరంగా రాస్తున్నా, కొంచెం పొడుగవుద్ది కానీ టైర్లంటే మాటలా, నాలుగూ స్టెప్నీ కలిపి వేసేసరికి చిన్న బైకు ఖరీదు అవుతుంది, ఒకసారి కొన్నాక మూడు నాలుగేళ్ళు దాంతోనే బతకాలి.

ముందు అసలు మాట చెప్పేస్తా. ఆఫ్‌రోడ్‌లో నీకు పనికొచ్చేది టైరు సైడ్‌వాల్ ఎత్తు, అంటే రిమ్ అంచు నుంచి నేల దాకా ఉన్న రబ్బరు. బయటి నుంచి చూస్తే చక్రం ఎంత పెద్దగా కనపడుతుంది అనేది దాని తర్వాతి మాట. ఆ సైడ్‌వాల్ కోసం 33 దాకా పోనక్కర్లేదు, రిమ్‌ని 18 నుంచి 16కి దించితే అదే వచ్చేస్తుంది. నీ బండికే కింది వేరియంట్ ఏఎక్స్‌లో కంపెనీ 245/75 ఆర్16 ఇచ్చింది కదా, నా ఓటు దానికే.

ఇదెలాగో లెక్కేసి చూద్దాం, కష్టమేం కాదు, ఫోన్‌లో క్యాలిక్యులేటర్ చాలు. 255/65 ఆర్18 అంటే మొదటి అంకె టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, రెండోది ఆ వెడల్పులో సైడ్‌వాల్ ఎంత శాతమో, చివరిది రిమ్ ఎన్ని ఇంచులో. 255లో 65 శాతం 165.75, అంటే సైడ్‌వాల్ 166 మి.మీ. చుట్టూ. పైన ఒకటి కింద ఒకటి కాబట్టి రెండింతలు 331.5, దానికి రిమ్ 18 ఇంటూ 25.4 అంటే 457.2 కలిపితే మొత్తం ఎత్తు 788.7 మి.మీ., ఇంచుల్లో 31 పైన కొంచెం. ఇది నీ ఇప్పటి టైరు.

షాపాయన చెప్పిన 285/65 ఆర్18 ఇలాగే లెక్కేస్తే సైడ్‌వాల్ 185, మొత్తం ఎత్తు 827.7 మి.మీ., 32.6 ఇంచులు. ఇప్పుడు 245/75 ఆర్16 వేసి చూడు, సైడ్‌వాల్ 184, మొత్తం ఎత్తు 774. గమనించావా, సైడ్‌వాల్ రెండిట్లోనూ దాదాపు ఒకటే, ఒక్క మిల్లీమీటరు తేడా! ఒకటేమో నీ టైరు కంటే దాదాపు 5 శాతం పెద్ద చక్రం, ఇంకోటి 2 శాతం చిన్న చక్రం, కానీ రాయి మీద మెత్తగా కూర్చోడానికి, గాలి దించినప్పుడు సాగడానికి, గుంతలో పడ్డప్పుడు రిమ్‌ని కాపాడడానికి ఉండే రబ్బరు మాత్రం ఒకటే. ఇక గ్రౌండ్ క్లియరెన్స్ అంటావా, చక్రం ఎత్తు పెరిగినదాంట్లో సగమే బండి కిందకి వస్తుంది, ఎందుకంటే మిగతా సగం యాక్సిల్ పైన ఉంటుంది. 285 వేస్తే వెనక యాక్సిల్ మధ్యలో ఉండే డిఫరెన్షియల్ గుండు కింద నీకు పెరిగేది 19.5 మి.మీ., రెండు సెంటీమీటర్లు కూడా కాదు. 245/75 వేస్తే తగ్గేది 7 మి.మీ. చిల్లర. కంపెనీ లెక్కలో థార్ గ్రౌండ్ క్లియరెన్స్ 226 మి.మీ., అందులో ఏడు పోతే పొలం దారిలో నీకు తెలియను కూడా తెలియదు.

సైడ్‌వాల్ గురించి ఇంత ఎందుకు చెప్తున్నానంటే ఆఫ్‌రోడ్‌లో అసలు పని చేసేది గాలి ప్రెషరు. టైరులో గాలి తగ్గిస్తే అది నేల మీద పొడుగ్గా పరుచుకుంటుంది, వెడల్పు కొంచెమే పెరుగుతుంది, పొడుగే బాగా పెరుగుతుంది, ఆ పొడుగు వల్లే గ్రిప్ వస్తుంది. సైడ్‌వాల్ ఎత్తుగా ఉన్న టైరుకి గాలి దించితే రిమ్‌కి నేలకి మధ్య ఇంకా ఖాళీ మిగిలి ఉంటుంది. తక్కువ సైడ్‌వాల్ టైరుకి అదే ప్రెషరుకి దించితే రాయి తగలగానే రబ్బరు రిమ్ అంచుకి రాయికి మధ్య నలిగి రెండు చోట్ల కోసుకుపోతుంది. అందుకే పెద్ద పెద్ద అల్లాయ్ రిమ్ములు షోరూమ్‌లో బావుంటాయి కానీ రాళ్ళ దారిలో వాటితో భయపడుతూ నడపాల్సి వస్తుంది. స్టీల్ రిమ్ అయితే వంగినా ఊళ్ళో పంచర్ షాపాయన సుత్తితో సరిచేసి గాలి కొట్టి పంపిస్తాడు, అల్లాయ్ పగిలితే అక్కడితో అంతే.

ఇప్పుడు నీ రేగడి సంగతి. దీని గురించి టైరు కంపెనీల బ్రోషర్లలో ఎక్కడా ఉండదు, వాళ్ళు చూపించే బురద వేరు మన బురద వేరు. ఎర్ర చలక నేలలో వాన పడితే పైన రెండు మూడు ఇంచులు జారుతుంది, కింద గట్టి పొర ఉంటుంది, టైరు దాన్ని పట్టుకుని లాగేస్తుంది. రేగడి అలా కాదు, తడిస్తే ఉబ్బుతుంది, జిగురు పట్టి చెప్పులకి అంటుకుని కాలు ఎత్తలేకుండా చేస్తుంది చూడు, టైరుకీ అదే చేస్తుంది, బ్లాకుల మధ్య గాడుల్లో నిండిపోయి నాలుగు చుట్లు తిరిగేసరికి ఏటీ (ఆల్ టెర్రైన్, అన్ని దారులకీ చేసిన) టైరు కాస్తా గాడుల్లేని నున్నటి గుండ్రటి ముద్ద అయిపోతుంది. ఇక్కడ వెడల్పు టైరు వేస్తే ఇంకా నష్టం, ఎందుకంటే మట్టి మోసే జాగా ఎక్కువ, వీల్ ఆర్చ్ లోపల నిండే మట్టి ఎక్కువ, పైపైన తేలినట్టు జారిపోవడమే తప్ప కింద దిగి పట్టుకోదు. సన్నటి టైరు ఆ పైపొరని కోసుకుని కింద కాస్త ఆరిన పొర దాకా దిగుతుంది. పాత జీపులు, ట్రాక్టరు ముందు చక్రాలు సన్నగా ఎందుకుంటాయో ఆలోచించు, ఆ దారుల్లో తిరిగినవాళ్ళకి ఈ సంగతి ఎప్పటినుంచో తెలుసు. ఆ లెక్కన నీకు 285 కంటే 245 వెడల్పే మేలు.

ఇంకో మాట కూడా చెప్పాలి, లోతు రేగడి బాగా తడిసి ఉంటే ఏ సైజైనా ఏ టైరైనా ఆగిపోతుంది. అక్కడ కింద గట్టి పొరే ఉండదు, చక్రాలు దిగుతాయి, డిఫరెన్షియల్ గుండు, చాసిస్ మట్టి మీద ఆనుకుంటాయి, ఇక చక్రాలు గాల్లో తిరిగినట్టే. 33 ఇంచులు వేసినా రెండు సెంటీమీటర్లు ఆలస్యంగా ఆగుతుంది అంతే. కాబట్టి పెద్ద వాన పడ్డ మర్నాడు చేలోకి దింపకు, గట్టు మీదే ఆపి నడిచి పో, రెండు రోజులు ఎండితే అదే దారిలో టూ-వీల్ డ్రైవ్‌లోనే పోతావు. దిగబడతాననిపిస్తే ముందే గాలి 20-22 పీఎస్ఐకి దించుకో, దిగబడ్డాక దించితే ఉపయోగం సగమే. యాక్సిలరేటర్ తొక్కి చక్రాలు తిప్పుతూ కూర్చుంటే గొయ్యి లోతవడం తప్ప ఏం ఉండదు.

మారేడుమిల్లి వైపు అయితే లెక్క వేరు. వాగులు దాటేటప్పుడు నీళ్ళ కింద రాళ్ళు కనపడవు, అంచులు పదునుగా ఉంటాయి, అక్కడ ట్రెడ్‌కి, అంటే నేలని తాకే రబ్బరుకి, ఏం కాదు, పక్క గోడే కోసుకుపోతుంది. సైడ్‌వాల్ కట్ అయితే స్ట్రిప్ పంచర్ వేయడానికి కుదరదు, లోపలి నుంచి వేసే మష్రూమ్ ప్యాచ్ కూడా నమ్మకంగా ఉండదు, టైరు పక్కన పెట్టాల్సిందే. అందుకే సైడ్‌వాల్‌లో పొరలు ఎక్కువ ఉన్న టైరు చూసుకోవాలి, టైరు మీదే చిన్న అక్షరాల్లో ట్రెడ్‌లో ఎన్ని పొరలు, సైడ్‌వాల్‌లో ఎన్ని పొరలు, దేంతో చేశారు అని అచ్చు వేసి ఉంటుంది, షాపులో టార్చి వేసి చదువు, సిగ్గుపడకు. ఇక మన పొలాల గట్ల మీద సర్కారు తుమ్మ ముళ్ళు, పత్తి కట్టె కోసిన మొదళ్ళు, ఇవి ట్రెడ్‌లోంచి దిగుతాయి, ఇవి మాత్రం రోడ్డు టైరు కంటే ఏటీ టైరు చాలా బాగా ఆపుతుంది, ఎందుకంటే రబ్బరు మందం ఎక్కువ.

ఇసుక గురించి నువ్వు అడగలేదు కానీ ఎప్పుడో బాపట్ల వైపు పోతావు కదా అని ఒక్క ముక్క. ఇసుకలో వెడల్పు కొంచెం పనికొస్తుంది, కానీ అక్కడ కూడా 285ని 32 పీఎస్ఐతో నడిపేవాడి కంటే 245ని 16 పీఎస్ఐతో నడిపేవాడు హాయిగా బయటపడతాడు. 15 కంటే కిందకి దించితే మాత్రం గట్టిగా మలుపు తిప్పినప్పుడు టైరు రిమ్ నుంచి ఊడొచ్చే ప్రమాదం ఉంది. రోడ్డెక్కే ముందు గాలి మళ్ళీ పట్టాలి, కాబట్టి బండిలో మంచి కంప్రెసర్, నమ్మకమైన గేజ్ ఉండాల్సిందే. ఆ 33 ఇంచులకి పెట్టే అదనపు డబ్బులో ఈ రెండూ వచ్చేస్తాయి.

సరే, ఇప్పుడు 33 వేస్తే బండి మీద ఏమేం పడుతుందో చూడు. చక్రం 5 శాతం పెద్దదైతే అదే గేరులో నేలకి అందే లాగుడు దాదాపు 5 శాతం తగ్గుతుంది. డీజిల్ థార్‌లో టార్క్‌కి కొదవ లేదు, ఫోర్-లోలో (నాలుగు చక్రాలూ నెమ్మదిగా, బలంగా లాగే గేరు) అయితే తెలియదు కూడా, కానీ ఘాట్‌లో నలుగురు మనుషులు లగేజీతో మూడో గేరులో ఎక్కుతున్నప్పుడు తెలుస్తుంది, రెండులోకి దించాల్సి వస్తుంది. బ్రేకు మీద కూడా అదే లెక్క, డిస్కు అదే, చక్రం పెద్దది, కాబట్టి ఆపడానికి కావాల్సిన బలం పెరుగుతుంది, పైగా బరువు. ఈ సైజులో ఎల్టీ అనే గట్టి రకం మడ్ టైరు ఒక్కోటి 25 కిలోల చుట్టూ ఉంటుంది, అది తిరిగే బరువు, బండిలో బస్తా వేసుకున్నట్టు కాదు, ప్రతిసారీ దాన్ని తిప్పాలి, ప్రతిసారీ ఆపాలి. బాల్ జాయింట్లు, వీల్ బేరింగులు, షాకులు అన్నీ దీన్ని మోస్తాయి. స్టెప్నీ వెనక డోరుకి వేలాడుతుంది కదా, ఆ కీళ్ళ మీద కూడా పడుతుంది, గతుకుల దారిలో కొన్నాళ్ళకి డోరు కిర్రుమంటుంది.

మీటర్ సంగతి చాలామంది పట్టించుకోరు. చక్రం పెద్దదైతే మీటర్ తక్కువ చూపిస్తుంది. 285 వేశాక మీటర్‌లో 1000 కిలోమీటర్లు తిరిగితే నిజంగా తిరిగింది 1049. అందుకే టైర్లు మార్చగానే మైలేజ్ పడిపోయిందని గోల పెడతారు, అందులో కొంత నిజం, కొంత మీటర్ మాయ. మీటర్ ప్రకారం 13 వస్తుంటే అసలు 13.6 వస్తున్నట్టు. స్పీడ్ కూడా అంతే, పాత టైర్లతో మీటర్ 100 దగ్గర ఉన్నప్పుడు బండి ఎంత పోయేదో ఇప్పుడు దానికి 5 శాతం ఎక్కువ పోతుంది, హైదరాబాద్ హైవే మీద కెమెరాలున్న చోట ఇది గుర్తుపెట్టుకోవాలి. మొత్తం ఎత్తు 3 శాతం లోపు తేడా ఉంటే ఈ తలనొప్పులు పెద్దగా ఉండవు, అందుకే అనుభవం ఉన్నవాళ్ళు ఆ 3 శాతం గీత దాటొద్దంటారు, నేనూ అదే అంటా.

లిఫ్ట్ లేకుండా ఎక్కుతుంది అన్న మాట. ఎక్కడం అంటే షాపు ముందు సాపు నేల మీద ఎక్కడం కాదు కదా తమ్ముడూ. స్టీరింగ్ ఫుల్‌లాక్ కొట్టి, ఒక ముందు చక్రం గట్టు మీద ఇంకోటి గుంతలో ఉండి, ఆ పైన రివర్స్ తీస్తున్నప్పుడు తగలకుండా ఉంటేనే ఎక్కినట్టు. ముందు చక్రం లోపలి ఫెండర్ లైనర్‌కి, బంపర్ మూలకి, లోపలి వైపు చాసిస్‌కి తగిలే చోట్లు ఇక్కడే బయటపడతాయి. ఎవరి బండికైనా ఆ సైజు ఉంటే ఒకసారి అడిగి ఇలా పెట్టి చూడు, టైరు భుజాల మీద సుద్ద ముక్కతో మందంగా గీసి, రెండు వైపులా ఫుల్‌లాక్ తిప్పి దిగి చూస్తే సుద్ద ఎక్కడ అంటిందో అక్కడ తగులుతున్నట్టు. తగులుతుంది కదా అని రిమ్‌కి హబ్‌కి మధ్య స్పేసర్లు పెట్టి చక్రాన్ని బయటికి తోయడం నాకు అస్సలు నచ్చదు, లోపల తగలడం ఆగి బయట తగలడం మొదలవుతుంది, బేరింగుల మీద భారం పెరుగుతుంది. లిఫ్ట్ పెడదామంటే థార్ ముందు సస్పెన్షన్ ఇండిపెండెంట్, ఎత్తు పెంచినకొద్దీ డ్రైవ్ షాఫ్టులు వాలుగా పనిచేస్తాయి, రబ్బరు బూట్లు తొందరగా చిరుగుతాయి, అలైన్‌మెంట్ కుదరడం కష్టం. అలా ఒక టైరుతో మొదలై సస్పెన్షన్ దాకా పోతుంది ఖర్చు.

చట్టం వైపు కూడా ఒక చూపు చూడు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52, దాని మీద 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, రెండూ చెప్పేది బండిని కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి భిన్నంగా మార్చొద్దనే. అదే మోడల్‌కి కంపెనీయే ఇచ్చిన సైజు వేస్తే ఎవరితోనూ వాదించే పని ఉండదు, యాక్సిడెంట్ క్లెయిమ్ అప్పుడు ఇన్సూరెన్స్ సర్వేయర్ వేలు పెట్టడానికి సందు దొరకదు. 245/75 ఆర్16 వైపు నేను మొగ్గడానికి ఇదీ ఒక కారణం.

నువ్వు రాసిన దాని కిందే ఇంకో తమ్ముడు మారుతీ జిమ్నీకి 235/75 ఆర్15 పట్టుద్దా అని అడిగాడు, అతనికీ ఇక్కడే చెప్తా, ఎందుకంటే రిమ్ వెడల్పు మాట అందరికీ కావాలి. జిమ్నీ కంపెనీ సైజు 195/80 ఆర్15, ఎత్తు 693 మి.మీ. 235/75 అయితే 733.5, దాదాపు 6 శాతం పెరిగింది, 134 ఎన్ఎమ్ టార్క్ ఉన్న చిన్న పెట్రోల్ ఇంజనుకి ఇది బాగా బరువవుతుంది, ప్రతి ఎక్కుడులోనూ గేరు దించాలి. దానికి మించి, జిమ్నీ రిమ్ వెడల్పు 5.5 ఇంచులు, 235/75 ఆర్15కి కనీసం 6 ఇంచుల రిమ్ ఉండాలి. సన్న రిమ్ మీద వెడల్పు టైరు బిగిస్తే ట్రెడ్ మధ్యలో ఉబ్బుతుంది, మధ్యలోనే అరుగుతుంది, గాలి దించినప్పుడు రిమ్ నుంచి జారే ప్రమాదం. జిమ్నీకి 215/75 ఆర్15 హాయిగా సరిపోతుంది, ఎత్తు ఒకటిన్నర శాతమే పెరుగుతుంది, 5.5 రిమ్ మీద కూర్చుంటుంది. నీ థార్ విషయంలో కూడా 285/65 ఆర్18కి కనీసం 8 ఇంచుల వెడల్పు రిమ్ కావాలి, నీ రిమ్ లోపలి వైపు 18 పక్కన జే అక్షరంతో ఉన్న అంకె చూడు, అది 8 కంటే తక్కువుంటే షాపాయన మాట అక్కడితో కొట్టేసినట్టే.

లోడ్ ఇండెక్స్ మర్చిపోకు. సైజు పక్కన 111టీ అని ఉంటుంది చూడు, 111 అంటే ఒక్కో టైరు 1090 కిలోలు మోస్తుంది, టీ అంటే 190 స్పీడ్ దాకా. కొత్తది కొనేటప్పుడు కంపెనీ టైరు మీదున్న అంకె కంటే తక్కువది తీస్కోవద్దు, సైజు అదే ఉన్నా తక్కువ లోడ్ టైర్లు చవగ్గా దొరుకుతుంటాయి. మడ్ టైర్ల మీద క్యూ అని ఉంటుంది, 160 దాకా, మన రోడ్లకి అది చాలు. సైజు ముందు ఎల్టీ అని ఉంటే అది బరువు బండ్ల కోసం చేసిన గట్టి టైరు, రాళ్ళకి ఆగుతుంది కానీ అదే బరువు మోయడానికి మామూలు టైరు కంటే కొంచెం ఎక్కువ గాలి కావాలి, డోరు దగ్గర స్టిక్కర్ మీదున్న అంకె దానికి నేరుగా పనికిరాదు. ఎంత పెట్టాలో తేల్చుకోడానికి ఒక పద్ధతి ఉంది, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు కొలిచి, హైవే మీద ఒక గంట నడిపి వెంటనే మళ్ళీ కొలువు, మామూలు టైరుకి 4 పీఎస్ఐ, ఎల్టీకి 6 పీఎస్ఐ పెరిగితే సరిగ్గా ఉన్నట్టు, అంతకంటే ఎక్కువ పెరిగితే గాలి తక్కువై టైరు వేడెక్కుతున్నట్టు, తక్కువ పెరిగితే గాలి ఎక్కువైనట్టు.

మడ్ టెర్రైనా ఆల్ టెర్రైనా అంటే, నువ్వు రాసినదాన్ని బట్టి నీ తిరుగుడులో ఎక్కువ భాగం తారు రోడ్డే. మడ్ టైరు రేగడిలో మట్టిని విసిరేసుకుంటుంది, అందులో అనుమానం లేదు, పెద్ద గాడులు ఉండేది అందుకే. కానీ తడి రోడ్డు మీద బ్రేకు కొడితే నేలని తాకే రబ్బరు తక్కువ కాబట్టి ఆగే దూరం పెరుగుతుంది, శబ్దం పెరుగుతుంది, తొందరగా అరుగుతుంది. ఇంట్లోవాళ్ళని ఎక్కించుకుని వానలో హైదరాబాద్ పోయే బండికి నేను మడ్ టైరు చెప్పలేను. గాడులు కొంచెం లోతుగా, భుజాల దగ్గర బ్లాకులు బాగా విడివిడిగా ఉన్న ఏటీ చూస్కో. పొలమే బతుకైతే, రోడ్డు తక్కువైతే అప్పుడు ఎంటీ, అంటే మడ్ టైరు గురించి మాట్లాడుకోవచ్చు, అప్పుడు కూడా 245/75 ఆర్16లోనే.

18 రిమ్ మార్చడం ఇష్టం లేదు, లుక్ పోతుంది అంటావా, అర్థం చేసుకోగలను, అప్పుడు 255/70 ఆర్18 చూడు. సైడ్‌వాల్ 178 దాటుతుంది, వెడల్పు పెరగదు కాబట్టి నీ రిమ్‌కి ఇబ్బంది లేదు, లోపలి వైపు తగిలే గొడవ తక్కువ, ఎత్తు 814 మి.మీ., 3 శాతం గీతకి కాస్త పైన. సుద్ద పరీక్ష చేసి వేయించు. అదీ దొరక్కపోతే మళ్ళీ 255/65 ఆర్18లోనే మంచి ఏటీ వేస్కో, ఆ బండి ఆ టైర్ల మీదే చాలా దూరం పోతుంది. దొరకడం అన్నానంటే అదీ చిన్న విషయం కాదు, 2020 జూన్‌లో టైర్ల దిగుమతి మీద ఆంక్షలు పెట్టినప్పటి నుంచి అరుదైన సైజులు దొరకడం, దొరికినా అదే మోడల్ మళ్ళీ దొరకడం కష్టంగా ఉంది. రాజమండ్రిలో ఒక టైరు కోసుకుపోతే ఆ పూటే ఇంకోటి దొరికే సైజు అయ్యుండాలి.

16కి మారేటట్టయితే, ఏఎక్స్ కొన్న చాలామంది అల్లాయ్‌లు వేయించుకుని స్టీల్ రిమ్ములు అమ్మేస్తుంటారు, ఐదు రిమ్ములు తక్కువలో దొరుకుతాయి. ఒంపు ఉందేమో బ్యాలెన్సింగ్ మిషన్ మీద తిప్పించి చూసి తీస్కో. కొనే ముందు ఒక రిమ్ ఖాళీగా నీ ముందు హబ్‌కి ఎక్కించి చేత్తో తిప్పి బ్రేక్ కాలిపర్‌కి గ్యాప్ ఉందో లేదో చూడు. టైర్ ప్రెషర్ సెన్సార్లు పాత రిమ్ములోంచి కొత్తదాంట్లోకి మార్పించుకో. నాలుగు కాదు ఐదు టైర్లు ఒకే కంపెనీ ఒకే మోడల్ తీస్కో, ఇది నేను గట్టిగా చెప్తున్నా. నీ బండిది పార్ట్-టైమ్ ఫోర్-వీల్, ముందు వెనక చక్రాల చుట్టుకొలత తేడా ఉంటే ఫోర్-హైలో గట్టి నేల మీద ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు వెనక చక్రాలకి లాగుడు పంచే గేర్ల పెట్టె) బిగుసుకుంటుంది, లివర్ బయటికి రాదు. స్టెప్నీ పాత సైజుది ఉంచుకుని అడవిలో పంచరైతే ఫోర్-వీల్ వాడలేక అక్కడే ఇరుక్కుంటావు. ఐదింటినీ 8-10 వేల కిలోమీటర్లకోసారి వరస మారుస్తూ ఉంటే అన్నీ ఒకేలా అరుగుతాయి.

టైరు గోడ మీద నాలుగంకెల తేదీ ఉంటుంది, 2324 అని ఉంటే 2024లో 23వ వారం తయారైందన్నమాట, ఏడాది దాటినది ఇస్తే మార్చమను, ఐదింటి మీదా చూడు, నాలుగు కొత్తవి పెట్టి ఒకటి పాతది తోసే షాపులుంటాయి. బిగించాక అలైన్‌మెంట్ చేయించి, 100 కిలోమీటర్ల లోపు ఒకసారి ఆగి నట్లన్నీ మళ్ళీ బిగించుకో, రిమ్ మారినప్పుడు వదులయ్యే అవకాశం ఉంటుంది. ముందు ఆ రిమ్ లోపలి అంకె చూసి ఇక్కడ పెట్టు, దాన్ని బట్టి షాపాయన 285 సంగతి తేల్చేద్దాం.